నూరు గింజల మూట

బుధవారం పొద్దున్న తాతాజీతో ఎవరూ మాట్లాడకూడదు. భార్య పాపాయి కూడా కాఫీ గ్లాసు చప్పుడు కాకుండా అరుగు మీద పెట్టి వెళ్ళిపోవాలి. పాలవాడు కేకేస్తే పాలవాడికి తిట్లు, ఫోను మోగితే ఫోనుకి తిట్లు. ఎందుకంటే ఆ పూట ఆయన గింజలు లెక్కపెడతాడు.

లెక్కపెట్టేది నూరే నూరు గింజలు. ఆదివారం ఊరి చివర మురుగు కాలువలోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి, అందులో నూరు వరి విత్తనాలు నానేస్తాడు. సోమవారం వాటిని తడిగుడ్డలో మూటకట్టి గడ్డి కింద పెడతాడు. నారుమడికి ముందు రైతులు బస్తాలకి బస్తాలు మండె కట్టేది ఇలాగే, కాకపోతే తాతాజీది పిల్లల బొమ్మల పెళ్ళంత మండె. బుధవారం మూట విప్పి, ముక్కు పగిలిన గింజలు ఓ పక్క, పగలనివి ఓ పక్క వేరు చేస్తాడు. ఎన్ని మొలిచాయో గోడ మీది క్యాలెండర్లో ఆ బుధవారం గడిలో వేస్తాడు. తొంభైకి పైన వచ్చాయంటే నీళ్ళు మంచివి. తగ్గాయంటే నీళ్ళలో ఏదో కలిసింది.

ఒకసారి ఆయన జ్వరంతో మంచం మీదుంటే పాపాయి లెక్కపెట్టి, "తొంభై నాలుగండీ" అంది. వణుక్కుంటూ మంచం దిగొచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. తొంభై నాలుగే. "నామీద నమ్మకం లేనప్పుడు నాచేత లెక్కపెట్టించడం ఎందుకంట?" అని పాపాయి ఆ రోజంతా మూతి ముడుచుకుని కూర్చుంది. ఎవరేం అనుకున్నా సరే, ఇంకొకళ్ళ లెక్క ఆ క్యాలెండరెక్కదు.

ఇదంతా మొదలై ఆరేళ్ళయింది. నరసాపురం నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది వాళ్ళ చింతలమెరక. ఊరి శివారులో గ్యాసు బావి ఉంది. గ్యాసుతో పాటు భూమిలోంచి ఉప్పునీళ్ళూ వస్తాయి. వాటిని ప్లాస్టిక్ పట్టా పరిచిన పెద్ద గుంటలో నిలవ ఉంచి, ట్యాంకర్లలో తీసుకుపోవాలి. ఆరేళ్ళ కిందటి అక్టోబరు వానలకి ఆ గుంట గట్టు తెగింది. నీళ్ళు మురుగు కాలువలో పడ్డాయి, కాలువ పొంగి చేలో పడింది. పొట్ట మీదున్న చేను నాలుగు రోజుల్లో ఎర్రబడిపోయింది. కంపెనీ వాళ్ళు వచ్చారు, చూశారు, నష్టపరిహారం ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఇకమీదట ఇలా జరగదని ఎలా నమ్మడం అని అడిగితే, "మా దగ్గర మీటర్లున్నాయండి" అన్నారు. వాళ్ళ మీటర్లు వాళ్ళ గేటు లోపల ఉన్నాయి. అందుకని తాతాజీ తన మీటరు తాను పెట్టుకున్నాడు.

మొదట్లో ఊరంతా నవ్వింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాడైతే, కాలువ ఒడ్డున చెంబు ముంచుతున్న ముసలాయన్ని చూసి ఏదో క్షుద్రపూజ అనుకుని నిమ్మకాయలు కట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి నవ్వినవాళ్ళే బుధవారం మధ్యాహ్నం సైకిలాపి, "ఎన్నొచ్చాయండీ?" అని అడగడం మొదలెట్టారు. ఎండల్లో సాగునీటి కాలవలకి నీళ్ళు కట్టేశాక ఆ మురుగు నీళ్ళే ఇంజన్లు పెట్టి కూరపాదులకీ కొబ్బరికీ తోడుకునే ఊరది. తాతాజీ తొంభై అంటేనే ఇంజను స్టార్టయ్యేది.

ఆ క్యాలెండర్లన్నిటిలోకీ పేరుమోసిన గడి ఒకటుంది. రెండేళ్ళ కిందట, మే నెల రెండో బుధవారం. అందులో ఎర్ర పెన్నుతో ముప్పయ్యొకటి అని ఉంటుంది.

ఆ ముప్పయ్యొకటి కథ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. గుంట దగ్గర పంపు ఆపరేటరుగా హరిబాబని ఊరి కుర్రాడే ఉండేవాడు, కాంట్రాక్టు ఉద్యోగం. ఆ శనివారం చీకటి పడే వేళ గుంట గట్టు మీద టార్చిలైటుతో హరిబాబు తిరగడం తాతాజీ కళ్ళారా చూశాడు. గుంటలో నీళ్ళు బయటికి వదిలే వాల్వు తాళం అతని దగ్గరే ఉంటుంది. బుధవారం మూట విప్పితే ముప్పయ్యొక్క మొలకలు. ట్యాంకరు ఖర్చు మిగుల్చుకోవడానికి వాల్వు తిప్పి నీళ్ళు కాలువలోకి వదిలేశారని మర్నాడు ఊరు ఊరంతా గేటు ముందు కూర్చుంది. హరిబాబు అందరి ముందూ నిలబడి, "ఈదురుగాలికి పట్టా లేచిందేమోనని చూడ్డానికెళ్ళాను, అంతే. నా పిల్లలమీద ఒట్టు బాబాయ్, వాల్వు ముట్టుకోలేదు" అన్నాడు. తాతాజీ క్యాలెండరు పైకెత్తి చూపించాడు. "నువ్వు ఒట్టేస్తావురా. గింజ ఒట్టెయ్యదు" అన్నాడు.

శనివారానికల్లా హరిబాబుని ఉద్యోగంలోంచి తీసేశారు. గుంటకి రెండో పొర పట్టా వేశారు, గట్టు ఎత్తు పెంచారు. తర్వాతి బుధవారం యాభై ఎనిమిది, ఆపై వారం ఎనభై మూడు, ఆపై వారం తొంభై ఐదు. ఇంకేం రుజువు కావాలి? హరిబాబు పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని నరసాపురం వెళ్ళిపోయాడు.

పోయినేడు ఆ కంపెనీకి సూర్యకళ అని కొత్త పర్యావరణం ఆఫీసరొచ్చింది. కాకినాడ పిల్ల. వచ్చిన మొదటి వారమే తాతాజీ అరుగు మీద కూర్చుని, ఒక్కో క్యాలెండరూ తిప్పి తిప్పి చూసి, "ఇన్నేళ్ళూ ఒక్క వారం కూడా మానలేదాండీ?" అంది.

"మా తమ్ముడి దినానికి వెళ్ళినప్పుడు ఒక్క వారం పోయిందమ్మా" అన్నాడు తాతాజీ, అదేదో పెద్ద నేరమైనట్టు.

గనులు, గ్యాసు, కరెంటు కంపెనీల్లో నేలనీ నీళ్ళనీ జాగ్రత్తగా చూసుకున్నవాళ్ళకి ఏటా రాజమండ్రిలో ఓ పురస్కారం ఇస్తారు. ఈ ఏడాది నుంచి, కంపెనీతో పాటు ఆ చుట్టుపక్కల కాపలా కాసిన ఊరి మనిషిని కూడా పిలిచి సన్మానం చెయ్యాలని పెట్టారు. సూర్యకళ చింతలమెరక సంగతి రాసి పంపింది. ఆ రాతలో ముఖ్యం ముప్పయ్యొకటే. రైతు పట్టుకున్నాడు, కంపెనీ పదిరోజుల్లో దిద్దుకుంది, బాధ్యుడి మీద చర్య తీసుకుంది అని రాసింది. ఏప్రిల్ నెలాఖర్లో కబురొచ్చింది, ఎంపికయ్యారని.

"వేదిక మీద మీరు మూట విప్పి చూపించాలండి" అంది సూర్యకళ ఫోనులో. "ఒక మూట కాదు, రెండు. ఒకటి కాలువ నీళ్ళతో, ఇంకోటి మంచినీళ్ళతో. పక్కపక్కన పెడితే చూసేవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది."

"ఆయ్, అలాగే" అన్నాడు తాతాజీ. రెండో మూట కట్టాలన్న ఆలోచన ఆరేళ్ళలో ఆయనకి ఒక్కసారీ రాలేదు.

సభ మే నెల రెండో శనివారం. ఆ ముందు ఆదివారం ఇంట్లో రిహార్సలు మొదలెట్టాడు. పెద్దపెద్ద వాళ్ళ ముందు పెట్టేది, గింజ నిగనిగలాడాలి కదా! అటక మీదున్న పాత విత్తనం పక్కనపెట్టి, పది రోజుల కిందట కోసిన దాళ్వా, అంటే రెండో పంట ధాన్యంలోంచి బంగారంలాంటి గింజలు రెండు వందలు ఏరాడు. నూరు కాలువ నీళ్ళలో, నూరు ఇంటికి తెచ్చుకునే మినరల్ వాటర్లో నానేశాడు. "ఇంత ముస్తాబు మన పెళ్ళికి కూడా చేసుకోలేదు మీరు" అంది పాపాయి.

బుధవారం పొద్దున్న మూటలు విప్పాడు.

కాలువ నీళ్ళ మూటలో ముప్పై ఆరు. మళ్ళీ ఎవడో వాల్వు తిప్పాడన్నమాట! ఫోను చేతిలోకి తీసుకున్నాడు. సూర్యకళ నెంబరు నొక్కబోతూ, ఎందుకో ఆగి, రెండో మూట కూడా విప్పాడు.

మినరల్ వాటర్ మూటలో ముప్పై నాలుగు.

ఆయన మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి లెక్కపెట్టాడు. కాఫీ చల్లారి మీగడ కట్టింది. పాపాయి వచ్చి చూస్తే, ఆయన ముందు రెండు కుప్పల గింజలున్నాయి, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందండీ?"

"నీళ్ళలో ఏమీ లేదే. గింజే మొలవట్లేదు."

"కోసి పదిహేను రోజులు కాలేదు, అప్పుడే ఎక్కడ మొలుస్తుంది? ఆ రకం వానలో నానినా కంకి మీద మొలకెత్తదని దుకాణంవాడు చెప్తేనే కదా కొన్నారు. ఊరందరికీ చెప్పి మీరే కొనిపించారు కూడాను" అంది పాపాయి. చీపురు పట్టుకుని, రోజూ చెప్పే మాట చెప్పినంత మామూలుగా అంది.

అవును. కొన్ని రకాల గింజకి కోశాక నెలపాటు నిద్ర ఉంటుంది. నిద్ర తీరితే గానీ మొలవదు. ఇది పసిపిల్లాడికి కూడా తెలుసు ఆ ఊళ్ళో. అయితే ఈ రకం ఆయన మొదటిసారి వేసింది ఎప్పుడు? తాతాజీ లేచి, మేకుకి వేలాడుతున్న క్యాలెండర్లు దించాడు. రెండేళ్ళ కిందట. ఆ దాళ్వాకే. అటక మీద పాత విత్తనం బస్తా ఎలకలు కొట్టేసింది కూడా ఆ ఏడే. ఆ మే నెల మొదటి వారంతో పాత గింజలు అయిపోయి, కొత్త ధాన్యంలోంచి నూరు తీశాడు. ముప్పయ్యొకటి. తర్వాతి వారం యాభై ఎనిమిది, ఎనభై మూడు, తొంభై ఐదు. హరిబాబుని తీసేశాక నీళ్ళు బాగుపడ్డాయనుకున్నాడు. నీళ్ళు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. గింజకి నిద్ర తీరుతూ వచ్చింది, అంతే.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్ళ సేద్యం. ఏ పదేళ్ళ పిల్లాడో అడిగితే నవ్వుతూ చెప్పే సంగతి, ఆ రోజు బుర్రకి తట్టలేదు. ఎందుకు తట్టలేదో కూడా ఆయనకి తెలుసు. గట్టు మీద టార్చిలైటు చూసినప్పుడే తప్పు ఎవరిదో మనసులో తేల్చేసుకున్నాడు.

"దుర్గ నన్ను పోయినేడు నరసాపురం బజార్లో చూసి మొహం తిప్పుకుంది" అంది పాపాయి మెల్లగా. వెంకటదుర్గ హరిబాబు భార్య. "పిన్నీ పిన్నీ అని వెంటబడి తిరిగిన పిల్ల. లేసులు అల్లి ఇల్లు నడుపుతోందంట. మీరు బాధపడతారని చెప్పలేదు."

తాతాజీ లేచాడు. అటక మీంచి పాత విత్తనం దింపి, నూరు గింజలు లెక్కపెట్టి, కాలువ నీళ్ళలో నానేశాడు.

గురువారం పొద్దున్నే నీటి సంఘం ప్రెసిడెంటు వెంకటరత్నం దగ్గరికి వెళ్ళాడు. ఊళ్ళో కాస్త ఆలోచన ఉన్న మనిషి. అంతా విని, వెంకటరత్నం కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరికైనా చెప్పావా బావా?"

"పాపాయికి తెలుసు. ఇప్పుడు నీకు."

"ఇంతటితో ఆపెయ్. నీ కోసం కాదు, ఊరి కోసం చెప్తున్నా. ఆ క్యాలెండర్లు తప్ప మన చేతిలో ఏముంది చెప్పు? రేప్పొద్దున నిజంగానే నీళ్ళు వదిలారనుకో. నువ్వెళ్ళి ముప్పై వచ్చాయంటావు. వాళ్ళేమంటారు? ముసలాయన గింజలు మళ్ళీ నిద్రపోయాయండీ అని నవ్వుతారు. ఆరేళ్ళ నీ కష్టం ఒక్క మాటతో బూడిదలో పోసినట్టవుతుంది."

"మరి హరిబాబు?"

"ఏదో చేసుకుని బతుకుతున్నాడుగా. కావాలంటే తర్వాత మనమంతా కలిసి ఏదన్నా సాయం చేద్దాం. నోరు మాత్రం విప్పకు."

వెంకటరత్నం చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు. తాతాజీ ఇంటికొచ్చి, నానిన గింజల్ని మూటకట్టి గడ్డి కింద పెట్టాడు. అన్నం సయించలేదు. వేదికెక్కి శాలువా కప్పించుకుని నోరు మూసుకుంటే ఊరికి కాపలా ఉంటుంది. నోరు విప్పితే హరిబాబు మీద పడ్డ మచ్చ పోతుంది, ఊరి కాపలా పోయినా పోవచ్చు. ఎటు చూసినా నష్టం కనబడుతోంది. అయినా ఒక నష్టం రెండేళ్ళుగా ఇంకొకడి నెత్తిన పెట్టి తాను హాయిగా నిద్రపోయాడన్న మాట ఆయన్ని వదల్లేదు.

శుక్రవారం నరసాపురం బస్సెక్కాడు. రేవులో హరిబాబు పంటు మీద పనిచేస్తున్నాడని తెలుసు. నరసాపురం నుంచి గోదావరి అవతల సఖినేటిపల్లికి మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ దాటించే పంటు అది. హరిబాబు తాడు విప్పుతూ, బళ్ళు సర్దిస్తూ కనబడ్డాడు. మనిషి నల్లబడ్డాడు, కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ముప్పయ్యెనిమిదేళ్ళకే.

తాతాజీ టిక్కెట్టు తీసుకుని ఎక్కాడు. అవతలి రేవొచ్చింది, నోరు పెగల్లేదు. దిగకుండా ఇవతలికొచ్చాడు. మళ్ళీ టిక్కెట్టు తీసుకుని అవతలికి బయల్దేరాడు. మూడోసారి గోదారి దాటుతుంటే హరిబాబే దగ్గరికొచ్చాడు.

"ఏంటి బాబాయ్, అవతలేమన్నా పనుందా? లేక గాలికి తిరుగుతున్నారా?"

ఆ గొంతులో కోపం లేదు, చనువూ లేదు. తెలిసినవాళ్ళని పలకరించే పలకరింపు. తాతాజీ రెయిలింగు పట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ, మొత్తం చెప్పేశాడు. రెండు మూటలూ, ముప్పై నాలుగూ, ముప్పై ఆరూ, ఎలకలు కొట్టిన బస్తా, అన్నీ. "నీ తప్పు లేదురా హరీ. నీళ్ళు ముట్టుకోనివాడి మీద నేను నింద వేశాను. నీ నోటికాడ కూడు తీశాను" అన్నాడు. అనేసరికి ఆయనకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

హరిబాబు చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

"రెండు మూటల్లోనూ ఒకటేనా?" అన్నాడు చివరికి.

"దగ్గర దగ్గర ఒకటే."

"అయితే కాలవలో ఏమీ కలవలేదన్నమాట."

"ఏమీ కలవలేదురా."

హరిబాబు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత, "రేవొచ్చింది బాబాయ్, తాడెయ్యాలి" అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. చెయ్యి చేసుకున్నా బాగుండేది. తాతాజీ బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ ఆ ఊపిరి గుర్తుచేసుకుంటూనే ఉన్నాడు. దానికి అర్థమేంటో ఆయనకి అందలేదు.

సాయంత్రం సూర్యకళకి ఫోను చేసి చెప్పాడు. ఆ మాటతో సూర్యకళకి ముందుగా తన చిక్కు కనబడింది. సభలో పంచే పుస్తకాలు అచ్చయిపోయాయి, ఫ్లెక్సీల మీద ముప్పయ్యొకటి అని పెద్దక్షరాల్లో వేయించారు. మీటర్లో ఏ తేడా లేకపోయినా, గేటు ముందు జనాన్ని చూసి భయపడి ఓ మనిషిని తీసేసిన సంగతి ఇప్పుడు కంపెనీ నెత్తికి చుట్టుకుంటుంది. ఆ పుస్తకం రాసిన తన నెత్తికి కూడా.

"నువ్వు వద్దంటే సభకి రానమ్మా. ఆరోగ్యం బాలేదని చెప్తాను. కానీ వచ్చానంటే మాత్రం ఇది చెప్పకుండా ఉండలేను" అన్నాడు తాతాజీ.

"రెండు మూటలు కట్టమన్నది నేనే కదండీ" అంది సూర్యకళ. కాస్త నవ్వినట్టుంది, కాస్త ఏడ్చినట్టూ ఉంది. "కట్టమని చెప్పి ఇప్పుడు విప్పొద్దంటే ఏం బాగుంటుంది? రండి. కారు పంపిస్తాను."

శనివారం రాజమండ్రి సభలో ఏసీ చలికి తాతాజీకి చేతులు బిగుసుకుపోయాయి. ముందు వరసలో కోట్లు వేసుకున్నవాళ్ళు. ఆయన పేరు పిలిచారు. వేదిక మీద ముగ్గురు పెద్దమనుషులు, మధ్యలో బల్ల. తాతాజీ సంచిలోంచి రెండు కాదు, మూడు మూటలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అందరికీ నమస్కారమండి. నాకు ఉపన్యాసాలు రావండి" అన్నాడు. "ఈ రెండు మూటలూ కొత్త ధాన్యం. ఒకటి కాలవ నీళ్ళు, ఒకటి మంచినీళ్ళు. రెండిట్లోనూ సగం కూడా మొలవలేదండి. ఈ మూడోది పాత విత్తనం, అదే కాలవ నీళ్ళు. ఇది నేనింకా విప్పి చూళ్ళేదు."

విప్పాడు. గుడ్డ నిండా తెల్లటి మొలకలు. ముందు వరసవాళ్ళు చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి, కొట్టొద్దు. ఆ ఫ్లెక్సీ మీద ముప్పయ్యొకటి అని వేశారు చూడండి, అది తప్పండి. ఆ రోజు నీళ్ళు మంచివి. విత్తనం చూసుకోకపోవడం నా తప్పు. ఆ తప్పుకి మా ఊరి హరిబాబు ఉద్యోగం పోయింది. కంపెనీ వారు కూడా మీటరు చూసుకోకుండా తీసేశారు. అతను ఒట్టేసి చెప్పాడండి, నేను వినలేదు. మీరంతా వింటుండగా అతనికి క్షమాపణ చెబుతున్నాను. ఈ పురస్కారం ఇస్తారో మానుతారో మీ ఇష్టం. కానీ నా లెక్కలు ఇకనుంచి నమ్మరేమోనని మా ఊరు భయపడుతోందండి. అందుకని ఒక మాట. ఈసారి నుంచి ప్రతి వారం రెండు మూటలు కడతాను. ఒకటి కాలవవి, ఒకటి మంచినీళ్ళవి. ఎవరొచ్చి చూసినా సరేనండి."

కంపెనీ పెద్దాయన ఫోనులో ఏదో చూసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. వేదిక మీద కూర్చున్నవాళ్ళలో వరి విత్తనాల మీద పరిశోధన చేసి రిటైరయిన పెద్దావిడ ఉంది. ఆవిడ లేచొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, మూడు మూటలూ వంగి చూసింది. "మూడోది మేం చెప్తే తప్ప ఎవరూ కట్టరండీ" అని మైకులోనే అంది. సన్మానం చేశారా లేదా అంటారా? చేశారు. శాలువా కప్పారు, ఫలకం ఇచ్చారు. తాతాజీకి మాత్రం ఆ ఫలకం మీద ఏం రాసుందో ఇంటికెళ్ళి పాపాయి చదివేదాకా తెలీదు.

కారు దిగి ఇంట్లోకి వెళ్ళగానే రెండేళ్ళ కిందటి క్యాలెండరు తీశాడు. ఎర్రటి ముప్పయ్యొకటి పక్కన సన్నటి అక్షరాలతో, 'విత్తనం తప్పు. నీళ్ళు మంచివే. హరిబాబు తప్పు లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

మంగళవారం సూర్యకళ ఫోను చేసింది. హరిబాబుని మళ్ళీ తీసుకుంటామని కంపెనీ ఉత్తరం ఇచ్చిందనీ, ఆ ఉత్తరం పట్టుకుని తానే రేవుకి వెళ్ళాననీ చెప్పింది. "చదివి జేబులో పెట్టుకున్నారండి. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు" అంది. తాతాజీకి అదీ సబబుగానే అనిపించింది.

బుధవారం పొద్దున్న ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ముందు రెండు మూటలు, రెండూ పాత విత్తనమే. ఇంతలో వీధిలో మోటారు సైకిలాగింది. తలెత్తకుండానే తిట్టబోయి, చూసి ఊరుకున్నాడు. హరిబాబు చెప్పులు విప్పి అరుగెక్కి ఎదురుగా కూర్చున్నాడు. పాపాయి గుమ్మంలోంచి చూసి, లోపలికెళ్ళి ఇంకో గ్లాసు కాఫీ తెచ్చి, చప్పుడు కాకుండా పెట్టి, ఈసారి వెళ్ళిపోకుండా తలుపు పక్కనే నిలబడింది.

హరిబాబు చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. కంపెనీ ఉత్తరం కాదు. నోటుబుక్కులోంచి చింపిన పాత కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. దాని మీద పెన్సిలుతో గుంట, పైపులైను, మురుగు కాలువ గీసి ఉన్నాయి. పైపు పొడుగునా చిన్న చిన్న టిక్కులు.

"ఏంట్రా ఇది?"

"వాల్వు తిప్పలేదని నాకు తెలుసు బాబాయ్. మరి గింజ ఎందుకు మొలవలేదు? నేను చూసుకోకుండా ఎక్కడో పైపు కారుతోందనుకున్నాను. పంటు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, అవతలి గట్టు వెంట నడిచి వెతికేవాణ్ణి. ఎక్కడ తవ్వి చూశానో అక్కడ టిక్కు పెట్టుకున్నాను. రెండేళ్ళు వెతికాను. ఎక్కడా చెమ్మ కూడా దొరకలేదు. నా డ్యూటీలోనే ఏదో జరిగింది, నాకే కనబడలేదు అనుకుని, దుర్గకి కూడా గట్టిగా చెప్పుకోలేకపోయాను."

"నా లెక్క తప్పేమో అనుకోవచ్చు కదరా" అన్నాడు తాతాజీ.

"మీ లెక్క తప్పుతుందని నాకు తట్టనే లేదు బాబాయ్" అన్నాడు హరిబాబు.

ఆ కాగితం మీది టిక్కులు చూస్తుంటే తాతాజీకి కళ్ళు మసకబారాయి. పైపంచెతో కళ్ళు తుడుచుకుని, కాలువ నీళ్ళ మూట హరిబాబు ముందుకి జరిపాడు.

"నువ్వు లెక్కపెట్టు."

హరిబాబు మూట విప్పి, గింజ గింజా వేరు చేసి లెక్కపెట్టాడు. పావుగంట పట్టింది. "తొంభై ఆరు" అన్నాడు.

తాతాజీ లేచి, గోడ మీది క్యాలెండర్లో ఆ బుధవారం గడిలో తొంభై ఆరు అని వేశాడు. మళ్ళీ లెక్కపెట్టలేదు. తలుపు పక్కన నిలబడ్డ పాపాయి పమిటచెంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.